నల్లమల కొండ చెప్పిన పాఠము

హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు త్రోవలో, అచ్చంపేట ప్రాంతము దాటి కొండనెక్కిన పిమ్మట మన్ననూరు వచ్చును. నల్లమల అడవికి ఉత్తరపు వాకిలి ఇది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఈ చిన్న ఊరిలో అటవీశాఖవారి గేటు ఒకటి కలదు. దానిని రాత్రి 9 గంటలకు మూసి, మరునాటి ఉదయము 6 గంటలకు తెరచెదరు. చీకటివేళ త్రోవ దాటు అడవి జంతువులు వాహనముల క్రింద పడి చావకుండుటకై ఏర్పడిన నియమమిది.

కొంతకాలము క్రిందట కళాశాల విద్యార్థులతో అచటికి పోయితిని. చెట్లకు పైగా, మిక్కిలి ఎత్తున ఒక విమానము దక్షిణమునకు సాగిపోవుచుండెను. దానిని చూచి ఒక విద్యార్థి ఇట్లడిగెను: "సార్, 2009లో ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్ ఈ నల్లమలలోనే కూలింది కదా. ఆకాశంలో అన్ని ఉపగ్రహాలుండంగ, దాన్ని వెదికేందుకు ఒక రోజంతా ఎందుకు పట్టింది?" ప్రక్కనున్న విద్యార్థిని మరియొక ప్రశ్న వేసినది: "అట్లాంటి మబ్బులకు పోవద్దని ఎవరూ చెప్పలేదా సార్?"

మొదటి ప్రశ్నకు భౌతికశాస్త్రము జవాబు చెప్పగలదు. రెండవ ప్రశ్నకు ఆ శాస్త్రమొక్కటే చాలదు. విమానయాన చరిత్రను తిరుగవేసి చూచినకొలదియు ఆ రెండవ ప్రశ్నయే పెద్దదిగా కనిపించును. అందుచేత ఈ వ్యాసములో ఆ రెండింటిని కలిపి పరిశీలింతము.

2009 సెప్టెంబరు 2

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి డాక్టర్ వై. యస్. రాజశేఖరరెడ్డి గారు ఆ దినమున చిత్తూరు జిల్లాలో 'రచ్చబండ' అను కార్యక్రమమును ప్రారంభింపవలసి యుండెను. ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేట నుండి రెండు ఇంజనుల 'బెల్ 430' హెలికాప్టరులో బయలుదేరిరి. వారితో వారి ముఖ్య కార్యదర్శి, ముఖ్య భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు ఉండిరి. హెలికాప్టరు పాలమూరు పీఠభూమి మీదుగా దక్షిణమునకు సాగి, కృష్ణానదిని దాటి, నల్లమల కొండల పైకి వచ్చినది. తొమ్మిదిన్నర గంటల వేళ కూలిపోయినది. శిథిలములు మరునాటి ఉదయమునకు గాని కనబడలేదు. కర్నూలుకు తూర్పున, ఆత్మకూరు ప్రాంతములోని నల్లకాల్వకు చేరువగా, పావురాలగుట్ట దాపున అవి పడియుండెను. ఐదుగురిలో ఒక్కరును బ్రతుకలేదు. ఆ చోటు ప్రస్తుతము నంద్యాల జిల్లాలో ఉన్నది.

కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము శిథిలములను, పైలట్ల సంభాషణను పదిలపరచు యంత్రమును పరీక్షించినది. సంఘము తేల్చిన సంగతులు ముఖ్యముగా రెండు. హెలికాప్టరు తీవ్రమైన దిగుగాలిలో చిక్కి, నియంత్రణ తప్పి, అతి వేగముగా నేలను తాకినది. అంతకు ముందు కొన్ని నిమిషములపాటు పైలట్ల దృష్టి వేరొక విషయముపై నిలిచి యుండెను. రెక్కలను త్రిప్పు గేర్లపెట్టెలోని నూనె పీడనమునకు సంబంధించిన హెచ్చరిక ఒకటి వారికి కనబడినది. దాని సంగతి తేల్చుకొనుటకు వారు సూచనల పుస్తకమును తిరుగవేయుచుండగా, హెలికాప్టరు ఉరుముల మేఘమును సమీపించినది. వాతావరణమును గమనించి త్రోవ మార్చుకొనుటకో, వెనుకకు మరలుటకో తగిన నిర్ణయము జరుగలేదు.

మేఘములోని దిగుగాలి

మేఘమనగా దూదిపింజ వంటి మెత్తని వస్తువని మనము తలంచుట సహజము. క్యుములోనింబస్ అను ఉరుముల మేఘము అట్టిది కాదు. అది ఒక పెద్ద ఉష్ణయంత్రము. వర్షాకాలమున తేమతో నిండిన గాలి కొండల వాలును తగిలి పైకి లేచును. పైకి పోయినకొలది చల్లబడి, అందులోని ఆవిరి నీటిబిందువులుగా మారును. అట్లు మారునపుడు ఆవిరిలోని గుప్తోష్ణము వెలువడి చుట్టునున్న గాలిని వేడి చేయును. వేడెక్కిన గాలి మరింత పైకి పోవును. ఈ విధముగా మేఘము పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు పెరుగవచ్చును.

పైకి పోయినది క్రిందికి రావలెను. బిందువులు బరువెక్కి పడునపుడు తమతో గాలిని ఈడ్చుకొని వచ్చును. వానచుక్కలలో కొంత నీరు త్రోవలో ఆవిరియగుటచేత గాలి చల్లబడి, బరువెక్కి, ఇంకను వేగముగా దిగును. మట్టికుండలోని నీరు చల్లబడుటకు ఏది కారణమో ఇచ్చటను అదియే కారణము. ఒకే మేఘములో ఒక ప్రక్క గాలి పైకి, దాని సమీపముననే గాలి క్రిందికి పోవుచుండును.

దీని బలము తెలియుటకు విద్యార్థులొక చిన్న లెక్క వేసి చూడవచ్చును. దిగుగాలి వేగము సెకనుకు 15 మీటర్లు అనుకొందము. హెలికాప్టరు తన శక్తి నంతటిని వినియోగించి సెకనుకు సుమారు 7 మీటర్లు ఎక్కగలదనుకొందము. పైలటు ఎక్కుచున్నాననియే భావించును. కాని నేలను బట్టి చూచినచో సెకనుకు 8 మీటర్ల చొప్పున దిగుచుండును. కొండకు 500 మీటర్ల ఎత్తున ఉన్నవానికి మిగిలిన కాలము ఒక్క నిమిషము మాత్రమే. ఇది నియంత్రణ తప్పని యంత్రము సంగతి. నియంత్రణ తప్పినచో ఆ నిమిషమును మిగులదు. కావున ఇట్టి మేఘము విషయమున విమానశాస్త్రము చెప్పు ఉపాయమొక్కటే: దానిలోనికి పోకుండుట.

చిన్న దీపము, పెద్ద ప్రమాదము

అనుభవముగల పైలట్లు అట్టి మేఘమును ఎట్లు గమనింపకపోయిరని ఆశ్చర్యము కలుగవచ్చును. ఇట్టి సంగతి ప్రపంచమునకు క్రొత్తది కాదు. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలోని మయామీ నగరమునకు సమీపించిన ఒక పెద్ద విమానములో, ముందుచక్రము దిగినదని తెలుపవలసిన చిన్న దీపము వెలుగలేదు. దాని బల్బు మాడిపోయినది. విమానమును నడుపవలసిన వారందరు ఆ బల్బుపైననే దృష్టి నిలిపిరి. ఈ లోపల స్వయంచాలక యంత్రము ఎత్తును నిలుపుట మానినది. మెల్లమెల్లగా దిగుచున్న విమానమును ఎవరును గమనింపలేదు. అది చిత్తడినేలలో కూలి 101 మంది మరణించిరి. విమానములో ఏ పెద్ద లోపమును లేదు; బల్బు తప్ప.

మనస్సు ఒకేసారి ఒకే విషయముపై గట్టిగా నిలువగలదు. ఇది పైలట్లకు మాత్రమే ఉన్న లోపము కాదు, మానవమాత్రులకెల్ల ఉన్నదే. దీనికి విరుగుడు పని పంచుకొనుట. ఒకరు లోపమును చూచుచున్నపుడు మరియొకరు విమానమును, ఆకాశమును చూచుచుండవలెను. వినుటకు ఇది సులభముగా ఉన్నది. ఆచరణకు అడ్డు వచ్చునది పెద్ద, చిన్న అను తారతమ్యము.

1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపములో పొగమంచు కమ్మిన పరుగుబాటపై రెండు జంబో విమానములు ఢీకొని 583 మంది మరణించిరి. ఎదుటి విమానము ఇంకను బాటపైననే ఉన్నదేమో అని ఒక విమానపు ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. పేరుప్రతిష్ఠలుగల కెప్టెను ఆ సందేహమును త్రోసివేసెను. ఇంజనీరు మరల నోరు విప్పలేదు. నల్లమల ప్రమాదము జరిగిన మరుసటి యేడు, 2010 మే 22న, మంగళూరులో విమానము పరుగుబాట దాటి లోయలో పడి 158 మంది మరణించిరి. దిగుట మాని పైకి లేపుమని సహపైలటు మూడు సార్లు చెప్పినను కెప్టెను వినలేదని విచారణలో తేలినది.

ఇట్టి ప్రమాదముల మూలమున 1980 ప్రాంతము నుండి విమానసిబ్బందికి ఒక క్రొత్త శిక్షణ మొదలైనది. చిన్నవాడు సందేహమును స్పష్టముగా చెప్పుటయు, పెద్దవాడు దానిని విని జవాబిచ్చుటయు అందలి ముఖ్యాంశములు. ఉపాధ్యాయులు ఈ సంగతిని తమ తరగతితో పోల్చి చూచుకొనవచ్చును. ప్రయోగశాలలో మనము పొరపాటున తప్పు సీసా తీసినపుడు, "సార్, అది కాదండి" అని చెప్పగల ధైర్యము మన విద్యార్థికి ఉన్నదా? అట్లు చెప్పినవానిని మనము మెచ్చుకొనుచున్నామా, గద్దించుచున్నామా? విమానపు గదిలోని నిశ్శబ్దమునకు పునాది కొంతవరకు బడిలోనే పడుచున్నది.

వెదకుట ఎందుకు ఆలస్యమైనది?

ఇక మొదటి విద్యార్థి ప్రశ్న. ఆ దినమున నల్లమలను వెదకుటకు వాయుసేన హెలికాప్టర్లు, యుద్ధవిమానములు, అంతరిక్ష సంస్థవారి రేడారుగల విమానము, వేలకొలది పోలీసులు, అటవీ సిబ్బంది పూనుకొనిరి. అడవి త్రోవలెరిగిన చెంచుల సాయమును కోరిరి. అయినను రాత్రి గడచినది.

కారణము గ్రహించుటకు మన్ననూరు దగ్గర ఒక చెట్టు క్రింద నిలిచి పైకి చూచిన చాలును. సెప్టెంబరు నెలలో నల్లమల ఆకులతో దట్టముగా ఉండును. పై నుండి చూచువానికి ఆకుల కప్పు తప్ప నేల కనబడదు. మామూలు ఛాయాచిత్రములు తీయు ఉపగ్రహమునకు మేఘము అడ్డు. రేడారు తరంగములు మేఘమును దాటగలవు గాని, దట్టమైన చెట్ల క్రింద చెల్లాచెదరైన లోహపు ముక్కలను కొండరాళ్ల నుండి వేరుచేసి చూపుట వాటికిని కష్టమే. ఉపగ్రహము సర్వసాక్షి కాదు. ఎచ్చట వెదకవలెనో తెలిసినపుడే దాని చూపు అక్కరకు వచ్చును.

అందుకే విమానములలో ఆపదను తెలుపు చిన్న రేడియో పరికరమును అమర్చెదరు. నేలను గట్టిగా తాకినపుడు అది తనంతట తానే సంకేతములను పంపును. 1982 నుండి పనిచేయుచున్న అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థ వాటిని గ్రహించును. మన దేశములో ఈ సంకేతములను అందుకొను కేంద్రము బెంగుళూరులో ఉన్నది. పాతకాలపు పరికరములు 121.5 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేయుచుండెను. తప్పుడు సంకేతములు ఎక్కువగుటచేత 2009 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహములు వాటిని గ్రహించుట మానినవి. క్రొత్తవి 406 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేయుచు, ఏ విమానమునకు చెందినవో కూడ తెలుపును. కాని ఎంత మంచి పరికరమైనను దెబ్బకు దాని ఆంటెనా విరిగినను, మంటలో కాలినను మూగవోవును. నల్లమలలో ఆ దినమున అట్టి సంకేతమేదియు వెదకువారికి త్రోవ చూపలేదు.

"పోవలసియున్నది" అను మాట

ఆంధ్రదేశమునకు ఇట్టి దుఃఖము మొదటిది కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి. యమ్. సి. బాలయోగి గారు భీమవరము నుండి తిరిగివచ్చుచుండగా, వారి హెలికాప్టరు కైకలూరు దాపున చేపలచెరువులో కూలినది. 2004 ఏప్రిల్ 17న చలనచిత్ర నటి సౌందర్య ఎన్నికల ప్రచారమునకై కరీంనగరునకు పోవుటకు బెంగుళూరులోని జక్కూరు నుండి బయలుదేరిన చిన్న విమానము ఎగిరిన వెంటనే కూలినది. మన ప్రాంతము దాటి చూచినచో, 2001 సెప్టెంబరు 30న మాధవరావు సింధియా గారు, 2011 ఏప్రిల్ 30న అరుణాచల ప్రదేశ్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ గారు ఈ విధముగనే మరణించిరి.

ఈ ప్రమాదములకు కారణములు వేరువేరు. వీనిలో ఎవరైనను పైలటును బలవంతపెట్టిరని చెప్పుట నా ఉద్దేశము కాదు. అట్లు చెప్పుటకు ఆధారమును లేదు. అయితే వీనియన్నింటిలో ఒక పోలిక కలదు. ఇవి నిర్ణీతకాలమునకు నడచు పెద్ద విమానములు కావు. ఒక వ్యక్తి కొరకు, ఒక సభ కొరకు, ఒక కార్యక్రమము కొరకు బయలుదేరిన చిన్న యంత్రములు. పెద్ద విమానము ఆగవలెనన్నచో వాతావరణ నివేదిక, సంస్థ నియమములు, నియంత్రణ కేంద్రము అన్నియు పైలటుకు అండగా నిలుచును. చిన్న యంత్రమునందు పైలటు ఇంచుమించు ఒంటరివాడు. వెనుకనున్న ప్రయాణికుడు ఒక్క మాటయు అననక్కరలేదు. మైదానమున వేలమంది ఎదురుచూచుచున్నారని పైలటుకు తెలిసియే యుండును. ఆ తెలివియే ఒక ఒత్తిడి. బయలుదేరిన పిదప గమ్యము దగ్గరపడినకొలది వెనుకకు మరలుట మరింత కష్టమగును. దీనిని శాస్త్రజ్ఞులు ప్రత్యేకముగా పరిశోధించినారు.

ధర్మము ఇచ్చటనే ప్రవేశించును. విమానము సంగతిలో తుది నిర్ణయము పైలటుదేనని చట్టము చెప్పుచున్నది. కాని హక్కు కాగితముపై ఉన్నంత మాత్రమున చాలదు. "నేడు పోలేము" అన్న పైలటునకు మరునాడు ఉద్యోగము ఉండవలెను. పెద్దవారును బయలుదేరుటకు ముందే "నీకు సందేహము కలిగినచో తిరిగిపోదము, నన్ను అడుగ నక్కరలేదు" అని స్పష్టముగా చెప్పియుంచవలెను. ఆ మాట చెప్పుటకు ఖర్చు లేదు.

ఒక పెట్టె, ఒక సడలింపు

తెలుగులో 'భద్రత' అను మాటకు రెండు అర్థములు వచ్చును. ప్రమాదము జరుగకుండ చూచుకొనుట ఒకటి. దుర్మార్గుల నుండి కాపాడుకొనుట రెండవది. రెండవదాని చరిత్రలోను మనము ఇప్పుడు చెప్పుకొనిన సమస్యయే ఎదురగును.

1985 జూన్ 23న ఎయిర్ ఇండియావారి 'కనిష్క' విమానము ఐర్లండు తీరము దాపున ఆకాశములోనే ప్రేలి 329 మంది మరణించిరి. బాంబుగల పెట్టె కెనడాలోని వాంకూవరులో మరియొక సంస్థ విమానమునకు ఎక్కినది. దానిని తెచ్చినవానికి టొరంటో నుండి ముందుకు పోవుటకు ఖాయమైన సీటు లేదు. అట్టి పెట్టెను నేరుగా ఎయిర్ ఇండియా విమానమునకు పంపుట నియమవిరుద్ధము. అతడు పట్టుపట్టెను, వెనుక వరుస పెరుగుచుండెను, చివరకు అచ్చటి ఉద్యోగి సడలించినారు. పెట్టె పోయినది; మనిషి ఎక్కలేదు. ఆ ఉద్యోగిని నిందించుట సులభము. అయితే రద్దీవేళ నియమమును పట్టుకొని నిలిచిన ఉద్యోగికి పై అధికారుల అండ ఎంత ఉండునో, రైలుస్టేషనులోను, కార్యాలయములోను మనము నిత్యము చూచుచున్నదే.

ఈ దుర్ఘటన తరువాత ప్రయాణికుడు లేని పెట్టె విమానములో పోరాదను నియమము బలపడినది. మన దేశములో 1978లో చిన్న విభాగముగా మొదలైన పౌర విమానయాన భద్రతా సంస్థ, 1987 ఏప్రిల్ 1న స్వతంత్ర శాఖగా ఏర్పడినది.

నల్లమల ప్రమాదము విషయములోను కుట్ర జరిగినదని కొందరు అనుమానించిరి. విచారణ సంఘము ఆ అనుమానమునకు ఆధారము లేదని తేల్చినది. అయినను 2010 జనవరిలో ఒక పుకారు టెలివిజనులో ప్రసారము కాగా, దానిని నమ్మినవారు రాష్ట్రములో అనేక చోట్ల దుకాణములపై దాడి చేసిరి. దుఃఖములో ఉన్న జనులకు కారణము కావలెను. మేఘమును నిందించి తృప్తిపడుట కష్టము. కాని ఆధారము లేని కారణమును అంగీకరించినచో అసలు కారణము అట్లే మిగిలి, మరియొక విమానము కొరకు కాచుకొని యుండును.

దాచిన నిజము

1974 డిసెంబరు 1న వాషింగ్టను నగరమునకు వచ్చుచున్న ఒక విమానము కొండను ఢీకొని 92 మంది మరణించిరి. నియంత్రణాధికారి ఇచ్చిన ఒక అనుమతిని పైలటు ఒక అర్థములో గ్రహించెను. అధికారి ఉద్దేశము వేరు. ఆ మాటలోని అస్పష్టత అప్పటికే కొందరికి తెలిసియుండెను. సుమారు ఆరు వారములకు ముందు మరియొక సంస్థ విమానము అదే చోట, అదే పొరపాటుచేత కొండను తాకబోయి తప్పించుకొన్నది. ఆ పైలట్లు సంగతిని చెప్పిరి. వారి సంస్థ తన పైలట్లను హెచ్చరించినది. కాని ఆ హెచ్చరిక ఇతర సంస్థలకు చేరలేదు.

ఈ అనుభవముతో 1976లో అమెరికాలో ఒక క్రొత్త పద్ధతి వచ్చినది. పైలటు తన పొరపాటును తానే వ్రాసి పంపవచ్చును. వాని పేరును తొలగించి, సంగతిని మాత్రము అందరికి తెలియజేసెదరు. ఆ జాబులను స్వీకరించు బాధ్యతను శిక్షించు అధికారము గల శాఖకు గాక, పరిశోధన సంస్థయైన నాసాకు అప్పగించిరి. బుద్ధిపూర్వకముగా చేసిన నేరమునకు ఇందు రక్షణ లేదు. పొరపాటునకు మాత్రమే కలదు. పొరపాటును దాచినవానికి లాభము, చెప్పినవానికి శిక్ష అయినచో నిజము ఎన్నటికిని బయటపడదను సూక్ష్మము దీనిలో ఉన్నది.

ఈ సూక్ష్మమును పైలట్లకే గాక విమానములు తయారుచేయువారికిని వర్తింపజేయవలెను. బోయింగ్ సంస్థవారి 737 మాక్స్ జాతి విమానములు 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో కూలి మొత్తము 346 మంది మరణించిరి. ఇథియోపియా మృతులలో తెలుగువారును ఉండిరి. విమానపు ముక్కును తనంతట తానే క్రిందికి వంచు ఒక యంత్రవ్యవస్థ ఆ రెండింటికిని ముఖ్యకారణము. ఒక్క సూచికయంత్రము తప్పు చూపినను అది పనిచేయ మొదలిడును. మొదటి ప్రమాదమునకు ముందు పైలట్ల పుస్తకములలో దానిని గురించిన వివరణ లేదు. మబ్బు కనబడును; చదువుకొనిన పైలటు దానిని తప్పించుకొనవచ్చును. పుస్తకములో లేని సంగతిని ఎట్లు తప్పించుకొనగలడు?

విచారణ ఎవరు చేయవలెను?

1944 డిసెంబరు 7న చికాగో నగరమున 52 దేశముల ప్రతినిధులు ఒక అంతర్జాతీయ ఒడంబడికపై సంతకములు చేసిరి. దానికి అనుబంధముగా తరువాత వెలువడిన 13వ ప్రకరణము ప్రమాద విచారణను గురించినది. మరియొక ప్రమాదము జరుగకుండ చేయుటయే విచారణకు ఏకైక లక్ష్యమనియు, నిందను గాని బాధ్యతను గాని పంచిపెట్టుట దాని పని కాదనియు అందు చెప్పబడినది. నేరమున్నచో న్యాయస్థానము వేరుగా విచారించును. ఈ రెండింటిని కలిపినచో సాక్షులు నోరు విప్పరు.

మన దేశములో చాలకాలము వరకు విమానయాన నియమములను అమలుపరచు డైరెక్టరేటే సాధారణముగా ప్రమాదములను కూడ విచారించుచుండెను. ప్రమాదమునకు ఆ శాఖ అలసత్వమే కొంత కారణమైనచో ఆ సంగతి చెప్పవలసినవారెవరు? తన జవాబుపత్రమును తానే దిద్దుకొను విద్యార్థి వంటి స్థితి అది. 2012లో ప్రమాదముల విచారణకు ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 1934 నాటి విమాన చట్టము స్థానములో 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోనికి వచ్చినది. నియమములు చేయు సంస్థ, రక్షణ చూచు సంస్థ, విచారణ జరుపు సంస్థ ఇందులో వేరువేరుగా పేర్కొనబడినవి. అయితే ఆ మూడును ఒకే మంత్రిత్వశాఖ క్రిందనే ఉన్నవి. ఈ ఏర్పాటు చాలునా, విచారణ సంస్థకు ఇంకను ఎక్కువ స్వాతంత్ర్యము కావలెనా అను చర్చ ముగియలేదు.

మరల మన్ననూరునకు

ఆనాడు విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. తిరిగివచ్చునపుడు పొద్దు క్రుంకినది. గేటు మూయు వేళ దగ్గరపడుటచేత వాహనములు తొందరగా దాటుచుండెను. గేటు వద్ద నిలిచిన ఉద్యోగి పెద్ద హోదాగలవాడు కాడు. తొమ్మిది దాటిన పిదప వచ్చిన కారులో ఎంతటివారున్నను, "తెల్లారినంక పోండి సార్" అని చెప్పుట అతని పని. అతడు అట్లు చెప్పగలుగుచున్నాడనగా, అతని ధైర్యము ఒక్కటే కారణము కాదు. నియమము బోర్డుపై వ్రాసియున్నది; అతని వెనుక ఒక శాఖ ఉన్నది; త్రోవన పోవు జనులకును ఆ నియమము తెలియును.

అప్పుడు ఆ విద్యార్థినితో ఇట్లంటిని: "పోవద్దని చెప్పేవాడు ఒక్కడుంటే చాలదమ్మా. అతని మాట వినేవాళ్ళు కావలె. విన్నందుకు సభ ఆలస్యమైతే కోపగించని జనం కావలె. అంటే మనం కూడ." ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే సార్, మనూళ్ళో మీటింగుకు లీడరు రాకపోతే మనం తిట్టొద్దన్న మాట" అన్నది. అందరు నవ్విరి. కాని ఆమె చెప్పినది నవ్వుకొని మరచిపోదగిన మాట కాదు.